గుండె కవాట మార్పిడి అనంతర చికిత్స

పాడైన గుండె కవాటాన్ని తొలగించి కృత్రిమ కవాటాన్ని అమర్చిన తరువాత రోగి కోలుకోవడానికి, ఆ కవాటాన్ని జీవితాంతం కాపాడుకోవడానికి అనుసరించే చికిత్సను గుండె కవాట మార్పిడి అనంతర చికిత్స అంటారు. శస్త్రచికిత్స కొన్ని గంటలలో పూర్తవుతుంది. కాని లోహ కవాటం అమర్చబడిన వ్యక్తి బ్రతికినంతకాలం ప్రతిదినం రక్తం గడ్డకట్టకుండా చేసే మందు వాడవలసి ఉంటుంది. ఈ కారణంగా కవాట మార్పిడిని వ్యాధికి ముగింపుగా కాక, ఒక ప్రమాదకరమైన వ్యాధి స్థానంలో అదుపులో ఉంచుకోగల మరొక దీర్ఘకాలిక స్థితిని స్వీకరించడంగా వైద్యులు వివరిస్తారు.

భారతదేశంలో చిన్న వయసులో కవాటాలు దెబ్బతినడానికి ప్రధాన కారణం కీళ్ళవాత జ్వరం. రాయలసీమలోని అనంతపురం ప్రాంతానికి ఈ విషయంలో ఒక ప్రత్యేకత కలదు. దేశంలో అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటైన ఈ పీఠభూమిలోనే, పుట్టపర్తి వద్ద, 1991 నుండి గుండె శస్త్రచికిత్సలు ఉచితంగా జరుగుతున్నాయి.

కవాటాలు, వాటి వ్యాధి

గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటాలు ఉంటాయి. కవాటాలు రక్తాన్ని ఒకే దిశలో ప్రవహింపజేసే తలుపుల వంటివి. నిమిషానికి 72 సార్లు కొట్టుకొనే గుండెలో ఒక్కొక్క కవాటం రోజుకు లక్ష సార్లకు పైగా తెరుచుకొని మూసుకుంటుంది. ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు మధ్యనున్నది మైట్రల్ కవాటం. ఎడమ జఠరిక నుండి బృహద్ధమనికి రక్తం వెళ్ళే ద్వారం వద్ద ఉన్నది బృహద్ధమని కవాటం. కీళ్ళవాత జ్వరం వలన ఎక్కువగా దెబ్బతినేవి ఈ రెండే.

ఈ జ్వరం సాధారణంగా 5 నుండి 15 సంవత్సరాల వయసు పిల్లలకు వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వలన గొంతునొప్పి వచ్చిన రెండు, మూడు వారాల తరువాత శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కణజాలంపైనే దాడి చేస్తుంది. కీళ్ళు వాచి నొప్పి పెడతాయి. కొద్ది రోజులలో కీళ్ళు పూర్తిగా బాగుపడతాయి గాని, కవాటాలపై మచ్చలు మిగిలిపోతాయి. జ్వరం మరల మరల వచ్చిన కొద్దీ కవాటం మందమై, ఇరుకుగా మారడమో, సరిగా మూసుకోక రక్తం వెనుకకు కారడమో జరుగుతుంది. ఇరుకు ఇళ్ళలో ఎక్కువమంది కలిసి నివసించడం, గొంతునొప్పికి చికిత్స అందకపోవడం ఈ వ్యాధికి అనుకూల పరిస్థితులు. చాలామందికి బాల్యంలో జ్వరం వచ్చిన సంగతే గుర్తుండదు. ఇరవై, ముప్పై ఏళ్ళ వయసులో పొలం పనిలో ఆయాసం రావడంతోనో, స్త్రీలకు గర్భం సమయంలోనో వ్యాధి బయటపడుతుంది.

మైట్రల్ కవాటం కేవలం ఇరుకుగా మారి, మిగతా లక్షణాలు అనుకూలంగా ఉంటే, ఛాతీ తెరవకుండా తొడ వద్ద రక్తనాళం గుండా బుడగను పంపి కవాటాన్ని వెడల్పు చేయవచ్చు. జపాన్ వైద్యుడు కాంజీ ఇనోయే ఈ పద్ధతిని 1984లో వెల్లడించాడు. కవాటం బాగా గట్టిపడినా, రక్తం ఎక్కువగా వెనుకకు కారుతున్నా కవాటాన్ని సరిచేయడమో, మార్చడమో అవసరమవుతుంది.

చరిత్ర

అమెరికా వైద్యుడు జాన్ గిబ్బన్ 1953లో గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా నిర్వహించే యంత్రం సహాయంతో శస్త్రచికిత్స చేసి విజయం సాధించాడు. గుండెను ఆపి లోపల పనిచేయడం దీనితో సాధ్యమైనది. 1960లో ఆల్బర్ట్ స్టార్ అనే శస్త్రవైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి పంజరంలో బంతి ఉండే కవాటాన్ని రూపొందించగా, అది మైట్రల్ స్థానంలో విజయవంతంగా అమర్చబడింది. రెండు అర్ధచంద్రాకార రెక్కలు గల కవాటం 1977లో వాడుకలోకి వచ్చింది.

దిగుమతి కవాటాల ధర భారతీయ రోగులకు అందుబాటులో లేకపోవడంతో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో స్వదేశీ కవాటం తయారైనది. పలు నమూనాలు విఫలమైన తరువాత, వంగి తెరుచుకొనే బిళ్ళ గల చిత్ర కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారిగా రోగికి అమర్చారు. దీని చట్రం కోబాల్టు-క్రోమియం మిశ్రలోహం, బిళ్ళ గట్టి పాలిథిలీన్.

ఈ చికిత్సకు వెన్నెముక వంటి మందు చరిత్ర వేరు. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఒక రకపు గడ్డి తిన్న పశువులు చిన్న గాయాలకే రక్తం కారి చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చి, 1954 నుండి మనుషుల చికిత్సలో వాడబడుతున్నది. భారతదేశంలో దీనితోబాటు ఇదే తరగతికి చెందిన ఎసినోకౌమరాల్ ఎక్కువ వాడుకలో ఉంది. దీనిని ఎసిట్రోం అనే వాణిజ్య నామంతో చాలామంది రోగులు గుర్తిస్తారు.

అనంతపురం ప్రాంతంలో వైద్య సదుపాయాలు

పుట్టపర్తి సమీపంలోని ప్రశాంతిగ్రాంలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ 1991 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు చేత ప్రారంభించబడింది. ఇక్కడ పరీక్షలకు గాని, శస్త్రచికిత్సకు గాని రుసుము తీసుకోరు. ఇదే సంస్థ రెండవ ఆసుపత్రి బెంగుళూరులోని వైట్‌ఫీల్డ్‌లో 2001 జనవరిలో ప్రారంభమైనది. పుట్టపర్తి 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. ఆనాటి పునర్విభజనలో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాకు అది కేంద్రమైనది.

1969 నుండి జిల్లాలో పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆసుపత్రులను నెలకొల్పింది. అనంతపురం పట్టణంలో 2000లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా సర్వజన ఆసుపత్రి ఉంది.

రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. గుండె శస్త్రచికిత్సలు ఈ పథకంలో చేర్చబడ్డాయి. ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు తరువాతి కాలపు మందులు, పరీక్షల నిమిత్తం ప్రత్యేక ప్యాకేజీలు కూడా ఏర్పరచబడ్డాయి. శస్త్రచికిత్స తరువాత పనికి వెళ్ళలేని కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 రూపాయలకు మించకుండా భృతి ఇచ్చే ఆరోగ్య ఆసరా పథకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో ప్రారంభించింది. విశ్రాంతి కూడా చికిత్సలో భాగమేనన్న అంశాన్ని ఈ పథకం గుర్తించినది.

కవాటం ఎంపిక

కృత్రిమ కవాటాలు రెండు రకాలు. లోహ కవాటం దశాబ్దాల పాటు మన్నుతుంది, కాని మందు జీవితాంతం తప్పదు. పశువు లేక పంది కణజాలంతో చేసిన జీవకవాటానికి సాధారణంగా మొదటి మూడు నుండి ఆరు నెలల వరకు మాత్రమే మందు అవసరం. అయితే అది సుమారు 10 నుండి 15 ఏళ్ళలో అరిగిపోతుంది. రోగి వయసు ఎంత తక్కువైతే అంత త్వరగా అరుగుతుంది. అనగా ఇరవై ఏళ్ళ యువతికి జీవకవాటం అమర్చితే రెండవ శస్త్రచికిత్స దాదాపు తప్పదు. లోహ కవాటం అమర్చితే గర్భధారణ కష్టమవుతుంది. ఈ నిర్ణయాన్ని రోగి, కుటుంబం, వైద్యుడు ముందుగానే చర్చించుకొని తీసుకోవలసి ఉంటుంది.

శస్త్రచికిత్స నుండి కోలుకోవడం

కవాట మార్పిడికి సాధారణంగా రొమ్ము ఎముకను నిలువుగా కోసి, పని ముగిసిన తరువాత ఉక్కు తీగలతో బిగిస్తారు. ఒకటి, రెండు రోజులు తీవ్ర చికిత్సా విభాగంలోను, మొత్తం సుమారు వారం పది రోజులు ఆసుపత్రిలోను ఉండవలసి వస్తుంది. ఊపిరితిత్తులలో కఫం చేరకుండా శ్వాస వ్యాయామాలు చేయిస్తారు. దగ్గవలసి వచ్చినపుడు దిండును ఛాతీకి హత్తుకుంటే నొప్పి తగ్గుతుంది.

ఎముక అతుక్కోవడానికి 6 నుండి 12 వారాలు పడుతుంది. అంతవరకు బరువులు ఎత్తరాదు. గ్రామాలలో ఈ నియమం ఎక్కువగా ఉల్లంఘించబడేది నీళ్ళ విషయంలోనే. నిండు బిందె బరువు పది కిలోలకు పైగా ఉంటుంది. దానిని ఎత్తినా, బోరింగు కొట్టినా రొమ్ము ఎముకపై ఒత్తిడి పడుతుంది. పశువులను కట్టివేయడం, గడ్డిమోపులు మోయడం, వేరుశనగ పెరకడం, ద్విచక్ర వాహనం నడపడం వంటి పనులను వైద్యుడు అనుమతించే వరకు మానాలి. పడక నుండి లేచేటపుడు చేతులపై భారం వేయక, పక్కకు తిరిగి లేవాలి. మరోవైపు, పూర్తిగా మంచానికే పరిమితం కావడం కూడా మంచిది కాదు. రోజూ చదునైన నేలపై కొద్దికొద్దిగా నడక పెంచుకోవాలి. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఉదయం, సాయంత్రం నడవడం శ్రేయస్కరం. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు ఎంత నీరు త్రాగాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

మొదటి వారాలలో నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, కారణం లేకుండా దుఃఖం రావడం సాధారణం. లోహ కవాటం మూసుకున్నపుడు వచ్చే చిన్న టిక్కుమనే శబ్దం నిశ్శబ్దంగా ఉన్న రాత్రివేళ రోగికి, కొన్నిసార్లు ప్రక్కనున్నవారికి కూడా వినిపిస్తుంది. ఇది కవాటం సరిగా పనిచేస్తున్నదనడానికి గుర్తే. చాలామంది కొన్ని నెలలలో దీనికి అలవాటు పడతారు.

రక్తం గడ్డకట్టకుండా చేసే మందు

లోహపు ఉపరితలాన్ని తాకిన రక్తం గడ్డకట్టే స్వభావం కలది. ఆ గడ్డ కవాటాన్ని బిగించివేయవచ్చు, లేదా ముక్కగా విడిపోయి మెదడుకు చేరి పక్షవాతం కలిగించవచ్చు. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ మందులు కాలేయంలో విటమిన్ కె చేసే పనిని అడ్డుకొని రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. మోతాదు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. రెండింటి మధ్యనున్న హద్దు సన్ననిది. ఒకరి మోతాదు మరొకరికి సరిపోదు.

ఈ హద్దును కొలిచే పరీక్ష ఐ.ఎన్.ఆర్. ప్రయోగశాలల మధ్య ఫలితాలు సమానంగా ఉండేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఈ ప్రమాణాన్ని స్వీకరించింది. మందు వాడని ఆరోగ్యవంతునిలో దీని విలువ సుమారు 1. లోహపు మైట్రల్ కవాటం గలవారిలో సాధారణంగా 2.5 నుండి 3.5 వరకు, బృహద్ధమని కవాటం గలవారిలో 2 నుండి 3 వరకు ఉండేలా మోతాదు నిర్ణయిస్తారు. మొదట్లో వారానికి ఒకటి, రెండు సార్లు, నిలకడ వచ్చిన తరువాత నెలకొకసారి పరీక్ష అవసరం.

మందును ప్రతిదినం ఒకే వేళకు, సాధారణంగా సాయంత్రం, వేసుకోవాలి. ఒక పూట మరచిపోతే మరునాడు రెండింతలు వేసుకోరాదు. ఎసినోకౌమరాల్ ప్రభావం వార్ఫరిన్ కంటే త్వరగా తగ్గిపోతుంది. కనుక రెండు మూడు రోజులు మానినా ప్రమాదమే. ఒకే రకం మాత్ర వేర్వేరు మిల్లీగ్రాములలో దొరుకుతుంది కాబట్టి కొన్న ప్రతిసారి పట్టీపై అంకెను సరిచూసుకోవాలి. పరీక్షలు అవసరం లేని కొత్త తరగతి మందులు ఇతర వ్యాధులలో వాడుకలోకి వచ్చినా, లోహ కవాటాలకు అవి పనికిరావని తేలింది. డాబిగాట్రాన్ పై జరిగిన పరీక్షలో గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువ కావడంతో దానిని మధ్యలోనే ఆపివేసి, ఫలితాలను 2013లో ప్రకటించారు.

ఆహారం

విటమిన్ కె ఆకుకూరలలో ఎక్కువ. పాలకూర, తోటకూర, మునగాకు, కొత్తిమీర వంటివి ఒక్కసారిగా ఎక్కువ తింటే మందు ప్రభావం తగ్గుతుంది, ఒక్కసారిగా మానివేస్తే పెరుగుతుంది. ఆకుకూరలు పూర్తిగా మానాలన్న అభిప్రాయం సరికాదు. వారం వారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినడమే నియమం. మెట్ట ప్రాంతంలో వానలు పడిన నెలలలో చేలగట్లపై ఆకులు విరివిగా దొరుకుతాయి, ఎండాకాలంలో కరువవుతాయి. కనుక ఋతువు మారినపుడు ఆహారం మారితే పరీక్ష ఒకసారి అదనంగా చేయించుకోవడం మంచిది. ఈ ప్రాంత ప్రధాన ఆహారమైన రాగి సంగటికి గాని, వేరుశనగ పచ్చడికి గాని సాధారణంగా ఆంక్ష లేదు. వేరుశనగ గింజలలో విటమిన్ కె అత్యల్పం. గుండె బలహీనంగా ఉన్నవారు ఊరగాయలలోని ఉప్పును మాత్రం తగ్గించాలి. మద్యం మందు ప్రభావాన్ని అస్థిరం చేస్తుంది.

ఇతర మందులు, సూదులు

ఒళ్ళునొప్పులకు అంగడిలో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కడుపులో రక్తస్రావం కలిగించవచ్చు. నొప్పికి, జ్వరానికి పరిమిత మోతాదులో పారాసెటమాల్ మేలు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ వంటి మందులు ఐ.ఎన్.ఆర్.ను పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దానిని బాగా తగ్గిస్తుంది. కనుక క్షయ చికిత్స మొదలుపెట్టినపుడును, ముగించినపుడును తరచు పరీక్షలు అవసరం. నాటు మందులకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. జ్వరం వస్తే తొడకో, చేతికో సూది వేయించుకోవడం గ్రామాలలో అలవాటు. ఈ మందు వాడేవారిలో కండరంలో రక్తం గడ్డలా చేరి వాచే అవకాశం ఉన్నది. కనుక ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా మొదట కవాటం సంగతి చెప్పాలి.

కీళ్ళవాత జ్వరం తిరగబెట్టకుండా మూడు, నాలుగు వారాలకొకసారి వేసే 12 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ సూది కవాటం మార్చిన తరువాత కూడా కొనసాగుతుంది. మిగిలిన సొంత కవాటాలను కాపాడడమే దీని ఉద్దేశం. పెద్దవారిలో ఇది సాధారణంగా 40 ఏళ్ళ వయసు వరకు, కొందరిలో అంతకు మించి అవసరం. ఐ.ఎన్.ఆర్. హద్దులో ఉన్నపుడు వేయించుకొని, సూది గుచ్చిన చోట కొంతసేపు గట్టిగా అదిమి పట్టాలి. సూది వేయరాదని వైద్యుడు భావిస్తే మాత్రల రూపంలో ఇస్తారు.

పళ్ళు పీకించుకొనే ముందు సూక్ష్మజీవనాశక మందు వేసుకోవాలి. లేనిచో నోటిలోని సూక్ష్మజీవులు రక్తం ద్వారా కవాటానికి చేరి ప్రాణాంతక వ్యాధి కలిగించవచ్చు. పళ్ళ చికిత్స కొరకు రక్తం పలుచన చేసే మందును రోగి తనంతట తాను ఆపరాదు.

స్త్రీలు, గర్భధారణ

ఈ మందు వాడే స్త్రీలలో ఋతుస్రావం అధికమై రక్తహీనత రావచ్చు. సిగ్గుతో దాచక వైద్యునికి చెప్పాలి. వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు చేరుతుంది. 6 నుండి 12 వారాల మధ్య శిశువు ముక్కు, ఎముకల ఎదుగుదలకు హాని కలిగించవచ్చు. మోతాదు ఎక్కువైన కొద్దీ ముప్పు ఎక్కువ. హెపారిన్ సూదులు శిశువుకు చేరవు గాని, వాటితో తల్లి కవాటం గడ్డకట్టే ప్రమాదం హెచ్చు. తల్లి క్షేమం, బిడ్డ క్షేమం ఒకే మందుతో పూర్తిగా నెరవేరని స్థితి ఇది. అందువలన గర్భం ముందుగా అనుకొని, గుండె వైద్యుని పర్యవేక్షణలో సాగవలెను. నెల తప్పిందని తెలియగానే మందు తమంతట తామే మానివేయడం తల్లికి ప్రాణాపాయం. ప్రసవానికి కొన్ని వారాల ముందు మందు మార్చి, పెద్ద ఆసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేస్తారు. వార్ఫరిన్ వాడే తల్లి బిడ్డకు పాలివ్వవచ్చు.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన లక్షణాలు

* మూతి వంకర పోవడం, మాట తడబడడం, చేయి లేదా కాలు పడిపోవడం
* హఠాత్తుగా ఆయాసం, కవాటపు శబ్దం మందగించడం లేదా వినిపించకపోవడం
* నల్లని మలం, ఎర్రని మూత్రం, ఆగని ముక్కురక్తం
* తలకు దెబ్బ తగలడం, తీవ్రమైన తలనొప్పి
* రెండు మూడు రోజులకు మించిన జ్వరం
* కుట్ల వద్ద చీము, రొమ్ము ఎముక కదిలినట్లు అనిపించడం

ఇటువంటి సమయంలో 108 అంబులెన్సును పిలవవచ్చు. కొడవలితో చేయి తెగితే గుడ్డతో పది, పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టి, రక్తం ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

కరువు ప్రాంతంలో ఆచరణ

అనంతపురం సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వర్షాధార వేరుశనగ పంట దెబ్బతిన్నపుడు కుటుంబాలు బెంగుళూరు తదితర ప్రాంతాలకు వలస వెళ్ళడం పరిపాటి. కవాటం మార్చబడిన కూలీకి వలస రెండు చిక్కులు తెస్తుంది. పరీక్ష చేయించుకొనే చోటు, మోతాదు తెలిసిన వైద్యుడు దూరమవుతారు. శస్త్రచికిత్స ఉచితంగా జరిగినా, నెలనెలా పరీక్షకు వెళ్ళాలంటే బస్సు ఖర్చుతో పాటు ఒక రోజు కూలి కూడా పోతుంది. రోగితో తోడు వస్తే ఇద్దరి కూలి పోతుంది. మాత్ర వెల స్వల్పమే అయినా, ఒంట్లో బాగున్నదన్న నమ్మకంతో పరీక్ష మానివేయడం, తరువాత మందు మానివేయడం జరుగుతుంటాయి. గడ్డకట్టిన కవాటానికి మరల శస్త్రచికిత్స మొదటిదానికంటే ఎంతో ప్రమాదకరం.

దీనికి కొన్ని సులభమైన ఉపాయాలు కలవు. కవాటం రకం, అమర్చిన తేదీ, ఐ.ఎన్.ఆర్. హద్దు, మందు మోతాదు వ్రాసిన పుస్తకాన్ని లేక కార్డును ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకోవాలి. వలస వెళ్ళేముందు కనీసం నెలకు సరిపడా మాత్రలు తీసుకొని, వెళ్ళిన చోట పరీక్ష జరిగే ఆసుపత్రిని ముందుగా తెలుసుకోవాలి. దగ్గరి పట్టణంలో పరీక్ష చేయించి, ఫలితాన్ని ఫోనులో చికిత్స చేసిన ఆసుపత్రికి తెలిపి మోతాదు అడగడం ప్రయాణాన్ని తగ్గిస్తుంది. వేలి నుండి తీసిన రక్తపు చుక్కతో ఐ.ఎన్.ఆర్. చూపే చిన్న యంత్రాలు కూడా ఉన్నాయి. చదువురాని వారికి మాత్రల రంగుతోను, కేలండరుపై గుర్తులతోను కుటుంబ సభ్యులు సహాయపడవచ్చు.

నివారణ

పిల్లల గొంతునొప్పికి సకాలంలో పెన్సిలిన్ ఇస్తే కీళ్ళవాత జ్వరాన్ని చాలావరకు ఆపవచ్చు. జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు సూదులు క్రమం తప్పకుండా వేయిస్తే కవాటాలు మరింత చెడకుండా నిలుస్తాయి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పాఠశాలలు, అంగన్‌వాడీలలో పరీక్షించే వ్యాధులలో ఇది కూడా చేర్చబడింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాధి నివారణకు ఒక తీర్మానం చేసినది. పాఠశాల వయసులో కీళ్ళు వాచి జ్వరం వచ్చిన పిల్లవానికి గుండె పరీక్ష చేయించడం ద్వారా అతనికి ముప్పై ఏళ్ళ వయసులో కవాటం మార్చవలసిన అవసరాన్ని తప్పించే అవకాశం ఉంది.